నగరాలు కట్టడం తెలియని వాళ్లట!

ఈ మధ్య నా ఫోనులో ఒకే సందేశం పదేపదే వచ్చి పడుతోంది. బడిలో కలిసి చదువుకున్నవాళ్ల గ్రూపులో ఒకసారి, బంధువుల గ్రూపులో మరోసారి, ఇప్పుడు అపార్టుమెంటు గ్రూపులో. పైన ఎర్రక్షరాల్లో "మీకెవరూ చెప్పని చరిత్ర" అని ఉంటుంది, అడుగున "నిజమైన భారతీయులైతే పదిమందికి పంపండి" అని ఉంటుంది. మధ్యలో ఏడు అంశాలు. ముస్లింలు ఎడారి సంచారులనీ, ఒక్క నగరం కూడా సొంతంగా కట్టలేదనీ. వాళ్ల వీధుల వంకరలే అందుకు సాక్ష్యమనీ. బాగ్దాద్ పర్షియన్ల నకలనీ. అలెగ్జాండ్రియా గ్రంథాలయాన్ని ఖలీఫా తగలబెట్టించాడనీ. నగరపాలన, నీటి ఏర్పాటు, శుభ్రత వాళ్లెరుగరనీ. వాళ్ల నగరాల్లో ఇతర మతాలవాళ్లు బతికి బట్టకట్టలేదనీ. చివరికి వాళ్ల సొంత చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూనే ఇదంతా ఒప్పుకున్నాడనీ.

మొదటి రెండుసార్లు చూసీ చూడనట్టు ఊరుకున్నాను. అపార్టుమెంటు గ్రూపులో పంపినాయన మాత్రం కింద తన మాట ఒకటి చేర్చారు: "వాళ్లకు ఫ్లాటు అద్దెకు ఎందుకివ్వకూడదో ఇప్పుడైనా అర్థమైందా?" అక్కడ నా ఓపిక అయిపోయింది. ఇది పాత బాగ్దాద్ గోడల మీద పుట్టిన ఆసక్తి కాదు. పక్కింట్లోకి రాబోయే మనిషి మొహం మీదే తలుపు వేయడానికి వెతుక్కున్న సాకు. అందుకే ఆరో అంశం దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. మిగతావాటిని వాటి వాటి బరువును బట్టి చూద్దాం.

ఒక్క నగరమూ కట్టలేదన్న మాట అసలు జవాబుకే తగదు. బస్రా, కూఫా 630ల చివర్లో పుట్టాయి. ఈజిప్టులో ఫుస్తాత్ 640ల మొదట్లో, ట్యునీషియాలో కైరవాన్ 670లో, బాగ్దాద్ 762లో, మొరాకోలో ఫెజ్ 8వ శతాబ్దం చివర్లో, కైరో 969లో, మరాకేష్ 11వ శతాబ్దంలో వెలిశాయి. వీటిలో చాలా ఊళ్లలో ఇవాళ్టికీ లక్షల మంది కాపురముంటున్నారు. మక్కా వర్తకుల పట్టణం, ప్రవక్త స్వయంగా వర్తకుడు. ఆ మతం పుట్టిందే బజారున్న ఊళ్లో. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా వేయించిన హైదరాబాదులో ఉంటూ, చార్మినార్ నుంచి నాలుగు దిక్కులకూ సాగే రోడ్ల మీద తిరుగుతూ, "వాళ్లు ఒక్క నగరమైనా కట్టారా" అని అడిగేవాళ్లకు ఇంకేం చెప్పాలి?

అలెగ్జాండ్రియా గ్రంథాలయం సంగతీ అంతే. అరబ్బులు ఆ నగరాన్ని స్వాధీనం చేసుకున్నది 641-642లో. ఖలీఫా ఉమర్ ఆజ్ఞ మీద పుస్తకాలను నగరంలోని స్నానశాలల పొయ్యిల్లో ఆరు నెలలపాటు కాల్చారన్న కథ కనిపించేది 1200 ప్రాంతంలో. మధ్యలో ఐదున్నర శతాబ్దాల మౌనం. ఆ దండయాత్రను తీవ్రంగా నిందిస్తూ 7వ శతాబ్దం చివర్లో చరిత్ర రాసిన క్రైస్తవ బిషప్ నికియు జాన్ ఉన్నాడు. మనకు దక్కిన ఆయన రచనలో ఈ ఊసే లేదు. శత్రువు చేసిన చెడునంతా ఏరి రాసినవాడు ఇంత పెద్ద ఘోరాన్ని వదిలేస్తాడా? క్రీ.పూ. 48లో సీజర్ సైన్యం పెట్టిన నిప్పు, ఆ తర్వాత వందల ఏళ్ల నిర్లక్ష్యం, ఒకప్పుడు అనుబంధ గ్రంథాలయం ఉన్న సెరాపియం ఆలయాన్ని 391లో ధ్వంసం చేయడం... అరబ్బులు వచ్చేనాటికి అక్కడ తగలబెట్టడానికి ఆ గ్రంథాలయం లేదు.

బాగ్దాద్ పర్షియన్ల నకలన్న మాటలో కొంత నిజముంది. గుండ్రటి నగరాలు ఇరాన్‌లో అంతకుముందే ఉన్నాయి. ఇస్లాంకు ముందు ఇరాన్‌ను ఏలిన సాసానియన్ వంశపు రాజు అర్దషీర్ 3వ శతాబ్దంలో కట్టించిన గూర్ అలాంటిదే. ఖలీఫా మన్సూర్ కొత్త రాజధానికి ముహూర్తం పెట్టినవాళ్లలో నౌబఖ్త్ పర్షియన్, మాషాఅల్లాహ్ బస్రాకు చెందిన యూదుడు. పనుల్లో చెయ్యి ఉన్న ఖాలిద్ బర్మకీ పూర్వీకులు బల్ఖ్‌లో బౌద్ధ విహారానికి పెద్దలు. ఇన్ని చేతులు కలిసి కట్టిన ఊరిని చూపించి "వాళ్లకు సొంతమంటూ ఏమీ లేదు" అనేవాళ్లు, వచ్చినవాళ్లందరి పనితనాన్నీ చేర్చుకోవడం చేతకాని ఏ రాజధాని ఎక్కడ నిలిచిందో కాస్త చెబితే బాగుంటుంది.

నగరం ఎలా ఉండబోతోందో కట్టకముందే చూడాలని మన్సూర్ అనుకున్నాడట. నేల మీద బూడిదతో గీతలు గీయించి, ప్రాకారం ఎక్కడ, ద్వారాలు ఎక్కడ, వీధులు ఎక్కడ అని వాటి మధ్య నడిచి చూశాడు. తర్వాత ఆ గీతల వెంట పత్తి గింజలు పోయించి, వాటి మీద నాఫ్తా పోసి నిప్పు పెట్టించాడు. మండుతున్న గీతల్లో మొత్తం నగరం ఆకారం కనబడింది. ఇది చరిత్రకారుడు తబరీ నమోదు చేసిన సంగతి. ఇంకొకటి కూడా ఆయనే చెప్పాడు. దగ్గరలోని టెసిఫోన్‌లో ఉన్న సాసానియన్ రాజభవనాన్ని పడగొట్టి ఆ ఇటుకలు తెప్పిద్దామని మన్సూర్ పూనుకున్నాడు. ఖాలిద్ వద్దన్నాడు, ఖలీఫా వినలేదు. కొంత పడగొట్టించాక లెక్క చూస్తే పాత ఇటుకలను ఊడదీసి మోయించడానికయ్యే ఖర్చు కొత్త ఇటుకలు చేయించడం కంటే ఎక్కువ తేలింది. పని ఆపేశారు. ఆ భవనపు పెద్ద కమాను నేటికీ నిలిచి ఉంది. పడగొట్టాలని చూశాడన్నది నిజమే, దాన్ని దాచాల్సిన పని లేదు.

గుండ్రటి కోట మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు. కట్టిన పన్నెండేళ్లకే, 774 ప్రాంతంలో, అంగళ్లను కోట దాటించి దక్షిణాన కర్ఖ్‌కు తరలించారు. అసలు బాగ్దాద్ పెరిగింది అక్కడే, వర్తకుల మధ్య. 812-813లో అన్నదమ్ములైన అమీన్, మామూన్‌ల అంతర్యుద్ధంలో ముట్టడి సాగి కోట బాగా దెబ్బతింది. ఇవాళ దాని జాడ నేల పైన లేదు. అలాంటి గోడ ఆకారం ఎవరిదన్న వాదన తేలినా తేలకపోయినా నగరం మీద తీర్పు చెప్పదు.

ఇక వీధుల వంకరలు. ఈ మాట మనవాళ్లు కనిపెట్టింది కాదు. వలస పాలన రోజుల్లో కొందరు యూరోపియన్ పండితులు చెప్పిందే, ఇన్నేళ్ల తర్వాత తెలుగులోకి దిగింది. కూఫా పుట్టుకను చూడండి. ముందు మధ్యలో మసీదుకు చోటు గుర్తించారు. బాణాలు వేయడంలో దిట్ట ఒకడిని అక్కడ నిలబెట్టి నాలుగు దిక్కులకూ బాణాలు వేయించారు. బాణం పడిన చోటి దాకా ఖాళీ మైదానం, ఇళ్లన్నీ దాని అవతల. పెద్ద వీధులు 40 మూరలు, తర్వాతవి 30, 20, సందులు 7 మూరలు ఉండాలని వెడల్పులు ముందే నిర్ణయించారు. ఇదీ తబరీ కథనమే. లెబనాన్‌లోని అంజర్ 8వ శతాబ్దం మొదట్లో ఖలీఫాల తొలి రాజవంశం ఉమయ్యద్‌లు కట్టింది. రెండు పెద్ద వీధులు నడిమధ్యలో అడ్డంగా, నిలువుగా ఒకదాన్నొకటి ఖండిస్తాయి, నాలుగు వైపులా నాలుగు ద్వారాలు. ఇస్ఫహాన్‌లో షా అబ్బాస్ కట్టించిన మైదానం పొడవే అర కిలోమీటరు పైన, చహార్‌బాగ్ వీధి నిటారుగా సాగిపోతుంది.

సందులు ఎలా వచ్చాయో కూడా చెప్పుకోవాలి. సిరియాలో స్తంభాల వరుసలతో ఉన్న రోమన్ కాలపు వెడల్పాటి వీధుల్లోకి దుకాణాలు చొచ్చుకురావడం ఇస్లాం రాకకు ముందే, 6వ శతాబ్దంలోనే మొదలైంది. ఆ ప్రాంతంలో చక్రాల బండ్లు పోయి ఒంటెలు, గాడిదలు సరుకు మోయసాగాయి. బండి తిరగనక్కరలేని చోట అంత వెడల్పు ఎవరు ఉంచుతారు? మండుటెండలో ఇరుకు సందులో నీడ దొరుకుతుంది. ఆపైన చట్టం. మూసుకుపోయే సందు అందులోకి తలుపులున్న ఇళ్లవాళ్ల ఉమ్మడి ఆస్తి. మిగతావాళ్లు ఒప్పుకోకుండా అందులోకి కొత్త తలుపు తెరవకూడదు. పక్కింటి లోగిలి కనిపించేలా కిటికీ పెట్టకూడదు. 14వ శతాబ్దపు ట్యునిస్‌లో ఇబ్న్ అల్-రామీ అనే మేస్త్రీ ఉండేవాడు; ఇళ్ల తగాదాలు వచ్చినప్పుడు న్యాయమూర్తులు ఆయన్ను పిలిపించుకుని గోడలు చూపించి అభిప్రాయం అడిగేవారు. తన అనుభవాన్నంతా ఆయన ఒక గ్రంథంగా రాసిపెట్టాడు. స్నానశాల పొగ పక్కింట్లోకి వస్తే ఏం చేయాలి, చర్మాల కార్ఖానా వాసన సంగతి ఏమిటి, తిరగలి అదురుకు పొరుగు గోడ బీటలు వారితే నష్టం ఎవరిది... ఇలాంటివే ఆ గ్రంథం నిండా. ప్రణాళిక లేని చోట ఇలాంటి పుస్తకం పుట్టదు. పైనుంచి పటం గీసి దించకుండా, ఇంటికీ ఇంటికీ మధ్య హక్కులు తేల్చుకుంటూ పెరిగిన ఊరు అది.

వంకర సందులు అనాగరికతకు గుర్తయితే కాశీని ఏమంటారు? విశ్వనాథుడి గుడికి ఏ దారిన వెళ్లారో ఒకసారి గుర్తు చేసుకోండి.

తిన్నని వీధుల మోజున్నవాళ్లు సమర్రాను చూడాలి. ఖలీఫా ముతసిం 836లో రాజధానిని బాగ్దాద్ నుంచి అక్కడికి మార్చాడు. టైగ్రిస్ ఒడ్డున దాదాపు 50 కిలోమీటర్లు పరుచుకున్న రాజభవనాలు, సైనిక నివాసాలు, గీత గీసినట్టు సాగే రాజవీధులు. 892లో ఖలీఫాలు తిరిగి బాగ్దాద్ చేరారు, సమర్రాలో ఎక్కువ భాగం పాడుబడిపోయింది. రాజు సరదాకు, కూలి సైన్యాన్ని జనం నుంచి దూరంగా ఉంచడానికి ప్రజల సొమ్ముతో కట్టిన ఊరది. దాన్ని నేను పొగడను. వంకర సందుల ఫెజ్‌లో మాత్రం పన్నెండు వందల ఏళ్లుగా జనం ఉంటూనే ఉన్నారు.

ఐదో అంశంలో ఒక ముక్క నిజం. నిజమని ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు. నగరానికి దాని సొంత ఉనికిని గుర్తించే ఏర్పాటు ఇస్లామిక్ చట్టంలో లేదు. ఇటలీలో కొన్ని నగరాలకు ఉన్నట్టు స్వయంపాలన హక్కు పత్రం, ఎన్నికైన నగరసభ కైరోకు గానీ డమాస్కస్‌కు గానీ లేవు. పాలకుడు మంచివాడైతే ఊరు బాగుపడింది, దుర్మార్గుడైతే అడ్డుకోవడానికి పౌరుల చేతిలో అధికారం ఏదీ లేకపోయింది. ఇది పెద్ద లోటే. దీన్ని కాదనే ఎదుటి పక్షం సందేశాలు కూడా నాకు వస్తుంటాయి: కొర్డోబాలో అప్పట్లోనే పది లక్షల జనాభా అనీ, వందల స్నానశాలలనీ, మైళ్ల కొద్దీ వీధి దీపాలనీ. ఆ అంకెలు మధ్యయుగ రచయితల అతిశయోక్తులు. వాటినీ ముందుకు పంపకండి.

కానీ "నీరు, శుభ్రత వాళ్లెరుగరు" అన్నది పచ్చి అబద్ధం. కైరవాన్ బయట 9వ శతాబ్దంలో అఘ్లబిద్ పాలకులు తవ్వించిన జలాశయాలు నేటికీ ఉన్నాయి. వచ్చిన నీరు ముందు చిన్న తొట్టిలో నిలిచి మట్టి అడుక్కు చేరేది, తేరిన నీరు 128 మీటర్ల వ్యాసమున్న పెద్ద తొట్టిలోకి వెళ్లేది. కైరోలో నైలు వరద ఎత్తును కొలిచే స్తంభం 861లో కట్టింది; ఆ ఏడాది పన్ను ఎంతన్నది ఆ కొలతను బట్టి తేలేది. ఫెజ్‌లో నది నీటిని కాలువలుగా చీల్చి మసీదులకు, స్నానశాలలకు, ఇళ్లకు అందించారు. ఇదంతా నడవడానికి డబ్బు వక్ఫ్‌ల నుంచి వచ్చేది. ఒకరు పది అంగళ్లు వక్ఫ్‌కు రాసిస్తే, వాటి అద్దె మీద ఒక చలివేంద్రమో, బడో, ఆసుపత్రో సాగేది. సుల్తాన్ ఖలావూన్ 1284-85లో కైరోలో కట్టించిన ఆసుపత్రి అలా శతాబ్దాల పాటు నడిచింది. వక్ఫ్‌లను నిర్వహిస్తూ వాటి సొమ్ము దిగమింగిన ముతవల్లీలూ ఉన్నారు, వాటిని కాజేసిన సుల్తానులూ ఉన్నారు. అంతమాత్రాన ఏర్పాటే లేదనడం ఏమిటి?

బజారులో ముహ్తసిబ్ అనే అధికారి ఉండేవాడు. తూకాలు, కొలతలు, కల్తీలు, దారికి అడ్డంగా కట్టిన అరుగులు ఆయన చూడాల్సిన పనులు. 12వ శతాబ్దంలో సిరియాకు చెందిన షైజరీ ఇలాంటి అధికారుల కోసం ఒక మార్గదర్శక గ్రంథం రాశాడు. రొట్టెల పిండి పిసికేవాడి గురించి ఆయన పెట్టిన నియమాలు చూడండి. కాళ్లతో, మోకాళ్లతో, మోచేతులతో పిసకకూడదు. మాట్లాడినా తుమ్మినా తుంపర పిండిలో పడకుండా నోటికి గుడ్డ కట్టుకోవాలి. చెమట బొట్టు రాలకుండా నుదుటికి తెల్లటి పట్టీ కట్టుకోవాలి. చేతుల మీద వెంట్రుకలు గొరిగించుకోవాలి. పగటిపూట పిసికేటట్టయితే ఈగలు తోలడానికి పక్కన ఒక మనిషి ఉండాలి. ఎనిమిది వందల ఏళ్ల కిందటి నియమాలివి. శుభ్రత ఎరుగరని రాసినాయన తాను రోజూ టిఫిను తినే చోట వంటగదిలోకి వెళ్లి ఒకసారి చూసి రావాలి.

ఇప్పుడు ఆరో అంశం. ఇతర మతాలవాళ్లు ఆ నగరాల్లో బతకలేదట.

ఇది తేల్చడానికి రాజుల పొగడ్తలు, పండితుల వాదనలు అక్కర్లేదు. బతికినవాళ్లు రాసుకున్న కాగితాలే ఉన్నాయి. ఫుస్తాత్‌లో, అంటే నేటి పాత కైరోలో, బెన్ ఎజ్రా అనే యూదుల ప్రార్థనా మందిరం ఉంది. దేవుడి పేరున్న కాగితాన్ని పారేయకూడదని యూదుల ఆచారం. అందుకని పాత కాగితాలన్నీ అక్కడొక గదిలో పడేస్తూ వచ్చారు. పెళ్లి ఒప్పందాలు, అప్పు పత్రాలు, సరుకుల జాబితాలు, కొడుకు ఉత్తరం రాయలేదని తల్లుల నిష్ఠూరాలు, అన్నీ ఆ గదిలో చేరాయి. 1896-97లో సాలమన్ షెక్టర్ అనే పండితుడు వాటిలో అధిక భాగాన్ని కేంబ్రిడ్జికి తరలించాడు. అన్నిచోట్లా కలిపితే మూడు లక్షలకు పైగా కాగితపు ముక్కలు. వాటిలోని ఉత్తరాలు, లెక్కల్లాంటి రోజువారీ కాగితాల్లో ఎక్కువ భాగం అరబ్బీ భాష, హీబ్రూ లిపి. భాషను కూడా పొరుగువాళ్ల నుంచి తీసుకుని తమ లిపిలో రాసుకున్నారు.

ఆ కాగితాల్లో ఇళ్ల దస్తావేజులు ఉన్నాయి. మనం చెక్కుబంది రాసుకున్నట్టే వాళ్లూ ఇంటికి నాలుగు హద్దులూ రాసుకున్నారు. యూదుడి ఇంటికి ఒక పక్క ముస్లిం ఇల్లు, ఇంకో పక్క క్రైస్తవుడి ఇల్లు. ఇంటిని 24 వాటాలుగా లెక్కగట్టి అమ్మేవారు. ఒకే ఇంట్లో వేర్వేరు మతాలవాళ్లకు వాటాలున్న సందర్భాలు ఉన్నాయి. అద్దెకు దిగినవాళ్లు, కలిసి వ్యాపారం పెట్టినవాళ్లు, పొత్తులో తగాదా వస్తే తమ మత న్యాయస్థానాన్ని కాదని ఖాజీ దగ్గరకు వెళ్లిన యూదులు ఆ కాగితాల నిండా కనబడతారు. ఫుస్తాత్‌లో యూదులు ఎక్కువగా ఉండే పేటలున్నాయి, వాళ్లను బంధించిన పేట లేదు. అపార్టుమెంటు గ్రూపులో అద్దె గురించి తీర్పు చెప్పినాయన ఈ దస్తావేజుల్లో ఒక్కటి చదివినా చాలు.

అందులో మన దేశం కూడా ఉంది. ట్యునీషియాలోని మహదియా నుంచి వచ్చిన అబ్రహాం బెన్ యిజూ అనే యూదు వర్తకుడు 1130ల నుంచి 1149 దాకా మంగళూరు వైపు ఉన్నాడు. అక్కడ కంచు సామాన్ల కార్ఖానా నడిపాడు. యెమెన్‌లోని ఏడెన్ రేవు నుంచి పగిలిన పాత్రలు వచ్చేవి, వాటిని కరిగించి కొత్తవి పోయించి పంపేవాడు. మిరియాలు, ఏలకులు, ఇనుము, వక్కలు ఓడకెక్కించేవాడు. ఏడెన్ నుంచి స్నేహితులు అతనికి ఈజిప్టు కాగితం, చక్కెర, ఎండుద్రాక్ష కానుకగా పంపేవారు. అశు అనే స్థానిక స్త్రీని దాస్యం నుంచి విడిపించి సంసారం చేశాడు, పిల్లలు పుట్టారు. ఆ ఉత్తరాల్లో ముస్లిం ఓడ యజమానులు, మన కోస్తా వర్తకులు, యూదులు అందరూ ఒకరి సరుకు ఒకరు నమ్మి పంపుకున్నవాళ్లే. ఈ సముద్ర వ్యాపారానికి రెండు చివరలా ఉన్నవి ఫుస్తాత్, ఏడెన్ లాంటి ముస్లిం పాలనలోని నగరాలు, మన పడమటి తీరపు రేవులు.

అంతా పాలూ తేనే అని చెప్పడం లేదు. ముస్లిమేతరులు జిజియా అనే తలపన్ను కట్టాలి, చట్టం ముందు సమానులు కారు. ఈజిప్టును ఏలిన ఫాతిమీ ఖలీఫా అల్-అజీజ్ కొలువులో క్రైస్తవుడు వజీరు కాగలిగాడు. అల్-అజీజ్ కొడుకు అల్-హకీం చర్చిలను, యూదుల మందిరాలను పడగొట్టించాడు, 1009లో జెరూసలేంలోని పవిత్ర సమాధి చర్చిని కూడా వదల్లేదు. ఉత్తర ఆఫ్రికా, స్పెయిన్‌లలో అల్మొహాద్ వంశపు పాలకులు 12వ శతాబ్దంలో యూదులను, క్రైస్తవులను మతం మారమని హింసించారు. 15వ శతాబ్దంలో ఫెజ్‌లో యూదులను విడి పేటకు తరలించారు. ఇవన్నీ జరిగాయి. వీటిలో ఏ ఒక్కటీ సందేశంలో లేదు, ఎందుకంటే దాన్ని రాసినాయనకు వీటి పేర్లు కూడా తెలియవు. వాటి గురించి రాసి ఉంటే కనీసం వాదించడానికి ఏదో ఒకటి ఉండేది.

ఈ రెండు ముఖాలనూ ఒకే జీవితంలో చూసిన మనిషి ఒకడున్నాడు. మైమోనిడీస్, యూదుల్లో ఆ కాలపు మహా పండితుడు, 1138లో కొర్డోబాలో పుట్టాడు. అల్మొహాద్‌లు ఆ నగరాన్ని పట్టుకున్నాక కుటుంబం ఊరు విడిచింది. కొన్నేళ్లు ఫెజ్‌లో తలదాచుకుని చివరికి ఫుస్తాత్ చేరాడు. వ్యాపారం మీద ఆధారపడిన ఆ ఇంటికి తమ్ముడు డేవిడ్ పెద్ద దిక్కు. అతను వర్తకం పని మీద బయలుదేరి హిందూ మహాసముద్రంలో ఓడతో సహా మునిగిపోయాడు. అన్న వైద్యాన్ని వృత్తిగా పట్టి ఈజిప్టు సుల్తాను సలాహుద్దీన్ కొలువు దాకా ఎదిగాడు. 1199లో ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో తన రోజు ఎలా గడుస్తుందో చెప్పాడు. పొద్దున్నే కైరోకు వెళ్లి సుల్తానును, అంతఃపురం వాళ్లను చూడాలి. మధ్యాహ్నం దాటాక ఆకలితో ఫుస్తాత్‌కు తిరిగొచ్చేసరికి ఇంటి ముందు గదులు జనంతో నిండి ఉంటాయి: యూదులు, ఇతరులు, గొప్పవాళ్లు, సామాన్యులు, న్యాయాధికారులు, మిత్రులు, శత్రువులు. కాస్త ఆగమని వాళ్లను బతిమాలి, రోజంతటికీ ఒక్క పూట తిండి తిని, మళ్లీ రాత్రి దాకా మందులు రాస్తూ కూర్చోవాలి. అలసటతో చివరికి పడుకునే మాట్లాడేవాడట.

ఒక ముస్లిం పాలన తరిమిన యూదుడికి ఇంకో ముస్లిం నగరం ఇల్లిచ్చింది, పని ఇచ్చింది, రోగులను ఇచ్చింది. తేడా పాలకుల్లో ఉంది, రాజకీయాల్లో ఉంది. దీన్నంతా ఒక మతం గుణంగా కుదించి చెప్పాలంటే మైమోనిడీస్ జీవితంలో సగం చింపి పారేయాలి.

దూరం ఎందుకు, గోల్కొండనే చూడండి. 1670ల నుంచి తానీషా ప్రధాని మాదన్న, సోదరుడు అక్కన్న ఆయనకు కుడిభుజం. ఆ సోదరులను 1686లో కుట్రతో ఘోరంగా చంపారన్నదీ నిజం. కానీ పదేళ్లకు పైగా రాజ్యం ఖజానా, పాలన ఎవరి చేతుల్లో నడిచాయి?

ఏడోది, ఇబ్న్ ఖల్దూన్ ఒప్పుకోలు. "అరబ్బులు జయించిన చోటు త్వరలోనే పాడుబడుతుంది" అని ఆయన అన్నాడని సందేశం. అలాంటి శీర్షిక ఆయన గ్రంథంలో ఉంది. శీర్షిక దగ్గర ఆగకుండా కింద ఏముందో చదవాలి కదా. అక్కడ ఆయన మాట్లాడుతున్నది గుడారాల్లో తిరిగే పశుపాలక తెగల గురించి. ఉదాహరణగా చూపించింది 11వ శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికాలోకి వచ్చిపడ్డ బనూ హిలాల్ తెగను. ఆ తెగ దెబ్బకు 1057లో నాశనమైన పెద్ద నగరం ఏదో తెలుసా? కైరవాన్. ముస్లింలు 670లో పునాది వేసి, జలాశయాలు తవ్వి, గొప్ప మసీదు నిలబెట్టి, నాలుగు వందల ఏళ్లు పెంచుకున్న నగరం. వాళ్లు నగరాలు కట్టలేదని నిరూపించడానికి పట్టుకొచ్చిన సాక్షి, వాళ్లు కట్టిన నగరం పాడైందని బాధపడుతున్నాడు.

ఆయన సంచారి కాడు. ట్యునిస్‌లో పుట్టాడు, 1348 నాటి ప్లేగులో తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్నాడు. ఊరికి గాలి, నీరు ఎలా ఉండాలి, వంట చెరకు ఎంత దూరంలో దొరకాలి, చేతిపనులు ఏ ఊళ్లో ఎందుకు పండుతాయి, ధరలు ఎందుకు పెరుగుతాయి అని అదే గ్రంథంలో ఒక భాగమంతా నగరాలకే కేటాయించాడు. 1382 చివర్లో కైరో చేరి ఆ ఊరిని చూసి లోకానికే ఉద్యానవనమని మెచ్చుకున్నాడు. అక్కడే ఖాజీగా పనిచేశాడు, 1406లో అక్కడే కన్నుమూశాడు. ఆ ఒక్క శీర్షికను పట్టుకున్నవాళ్లు మరి కొన్ని పేజీలు తిప్పి ఉంటే ఇవన్నీ వాళ్లకే కనబడేవి.